మూడు పిలుపులు

ఆ నెలల్ల నన్ను పిలవనిది లేదు.
నల్లా తిప్పితే నీళ్లకంటె ముందు నా పేరు పడేది.
ఏసీ డబ్బ పిలిచింది. కుట్టుమిషన్ చక్రం
తిరిగినప్పుడల్ల లింబాద్రీ, లింబాద్రీ అన్నది.
నడిరాత్రి సోహార్ సముద్రం ఒడ్డున,
చేపలు ఎండబెట్టే ఇసుక మీద
చెప్పులు లేకుంట నిలబడి
వస్తున్న, వస్తున్న అని బదులు చెప్పిన.

అన్నిటికి పలికినోన్ని
ఒక్కదానికి పలకలే.

కోర్టుల మూడుసార్లు పిలిచిన్రట.
దీకొండ లింబాద్రి, దీకొండ లింబాద్రి, దీకొండ లింబాద్రి.
కుర్చీలు పలకలే, గోడలు పలకలే.
పదకొండు నెలల దుకాణం కిరాయి
రెండువేల మూడువందల రియాళ్లు.
రానోడు ఓడినోడు అని రాసుకున్నరు.

నోటీసు అందలేదా అని వకీలు అడిగిండు.
అందింది సారు.
షట్టరుకు అంటించిన్రు. పచ్చ ముద్ర, అరబ్బీ అచ్చు.
చింపిన.
ఉండలు చేసి
రెండు చెవులల్ల పెట్టుకున్న.
పిలుపులు ఆగుతయేమో అని.

వకీలు కలం మూత పెట్టిండు.
కొద్దిసేపు మాట్లాడలే.

కాలర్లు కత్తిరించే మొఫిజుల్
నన్ను టాక్సిల కూసోబెట్టి మస్కట్ తీస్కపోయిండట.
ఆసుపత్రి చీటీలన్ని గుండీల డబ్బల దాచిండు.
తెల్ల గుండీలు, ముత్యాల గుండీలు,
వాటి నడుమ మడత పెట్టిన నా అరవైరెండు దినాలు.
ఆ అరవైరెండిట్ల ముప్పైనాలుగోది
కోర్టు నన్ను పిలిచిన దినం.

ఇంటికి ఏం చెప్పిన? చక్కెర బీమారి అని చెప్పిన.
మా ఆమె ఫోన్ల రోజు అడుగుతది,
అన్నం తగ్గించినవా అని.
మోర్తాడుల ఏ మాట అంటరో అని భయపడ్డనో
ఆ మాటకే ఇక్కడ ముద్ర వేయించి,
మూడు జిరాక్సులు తీసి,
నా చేతితోనే జడ్జికి ఇచ్చుకోవాలె.
దాచుకుంటె అప్పు. చెప్పుకుంటె పిచ్చి.
రాత్రంత కూసోని
చెప్పుకునుడే అనుకున్న.

మాట తిప్పి చెప్పేటోడు మన బార్కాస్ పిలగాడు, బావజీర్.
హైదరాబాద్ ఉర్దూల నన్ను అడిగిండు:
ఆ దినం నువ్వు ఎక్కడున్నవని జడ్జిసాబ్ అడుగుతుండు.
ఒళ్లు ఆసుపత్రిల ఉన్నది,
నేను ఎక్కడున్ననో తెల్వదు అన్న.
వాడు నోరు తెరిచి మళ్ల మూసిండు.
ఆఖరుకు ఏదో ఒక చిన్న మాట చెప్పిండు.
నేను మోసిందంత అంత చిన్న మాటల పట్టిందా
అని నాకు కోపమొచ్చింది.
జడ్జి మాత్రం కళ్లద్దాలు తీసి
చీటీల మీది తారీఖులను
వేలు పెట్టి లెక్కపెట్టిండు. రెండుసార్లు.

తీర్పు కొట్టేసిన్రు.

అప్పు కొట్టెయ్యలే. కిరాయి కిరాయే.
మళ్ల మొదటి నుంచి వాదించుకొమ్మన్నరు.
బావజీర్ ముబారక్ అన్నడు గని
నాకు ఈ పని కొత్త కాదు.
కొలత తప్పి కుట్టిన దిష్‌దాషాను
బ్లేడు మొనతోని కుట్టు కుట్టు కోసి విప్పుతం.
గుడ్డ మళ్ల గుడ్డ అయితది.
వెలుతురుకు పెడితె
సూది చిల్లులు వరుసగ కనబడతయి.
ఎన్ని నీళ్లల్ల నానబెట్టినా కొన్ని పూడయి.

కొత్త వాయిదాకు
పొద్దుగాల ఏడింటికే పోయి బల్ల మీద కూసున్న.
గోలీ వేసుకున్న, నీళ్లు తాగిన.
తలుపు దగ్గరి గుమాస్తా మెడకింది కుచ్చు
ఒక పోగు ఊడి వేలాడుతుంది.
నా చెయ్యి కాదది, ఎవడో తొందరపోతోడు కుట్టిండు.

దీకొండ లింబాద్రి.

కదలలే నేను.
పక్కనున్న ముసలాయన దిక్కు చూసిన,
ఎదురుంగ పిల్లను ఎత్తుకున్న ఆమె దిక్కు చూసిన.
ఇద్దరు తల ఎత్తిన్రు.
వాళ్లకు గూడ వినబడ్డది.

అప్పుడు లేచిన.